మందీకి తలె ఒక్కటే

2020 అక్టోబరు 15. రాత్రి తొమ్మిది దాటింది. జల్‌పల్లి మునిసిపాలిటీలోని ఉస్మాన్‌నగర్‌లో కరెంటు పోయి అది మూడో రాత్రి. గల్లీలో మనిషి నడుము మునిగేంత నీళ్ళు. ఒక రెండంతస్తుల ఇంటి మెట్ల మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని మెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. పొద్దున ఐదో మెట్టు దగ్గరున్న నీళ్ళు ఇప్పుడు ఆరో మెట్టును తడుపుతున్నాయి. కింది వాటాలో కాపురమంతా నీళ్ళపాలైంది. ఆమె కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము, పెళ్ళినాటి బీరువా. పైకి ఎక్కేటప్పుడు చేతికందింది ఒక బట్టల సంచి, ఆధార్ కార్డులు, కారు తాళంచెవి. కారు ఎక్కడికి కొట్టుకుపోయిందో అప్పటికి తెలీదు.

గల్లీ మలుపులో టార్చి వెలుతురు కదిలింది.

"డ్రైవర్ భాయ్! ఓ డ్రైవర్ భాయ్! ఊపర్ హై క్యా?"

గొంతు గుర్తుపట్టింది ఆమే. "బావా, మందీ హోటల్ పిలగాడే!" అని లేచి నిలబడింది.

గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి నీళ్ళ మీద తేలుతూ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా పట్టుకుని నెట్టుకొస్తున్నారు. దాని మీద చాటకంటే వెడల్పైన అల్యూమినియం తలె, దానికి గట్టిగా చుట్టిన ప్లాస్టిక్ కవరు. లోపల ఇంకా పొగలు కక్కుతున్న అన్నం, పైన కోడి ముక్కలు. హోటల్ మూడు రోజులుగా గిరాకీకి మూతబడింది. పొయ్యి మాత్రం ఆరలేదు. వండిందంతా నీళ్ళలో చిక్కుకున్న గల్లీలకే పోతోంది. తలె అందించి, ఇంకో ఇంటికి పోవాలంటూ కుర్రాళ్ళు చీకట్లో కలిసిపోయారు.

మేడ మీద నాలుగు కుటుంబాలు, పదకొండు మంది. విడివిడిగా పెట్టుకోవడానికి పళ్ళేల్లేవు. పైగా కరోనా కాలం. పక్కింటివాళ్ళ గ్లాసు ముట్టుకోవడానికి జంకిన రోజులు. అందరూ తలె చుట్టూ నిలబడ్డారే గాని ఎవరూ కూర్చోలేదు. అప్పుడామె కొంగు నడుముకి దోపుకుని, "కూసోండ్రి అందరు. మందీకి తలె ఒక్కటే" అంది.

ఆ మాట ఆమె సొంతం కాదు. తొమ్మిదేళ్ళ కిందట, ఆకలి మీద తలె ముందు కూర్చుని కూడా తినలేక చేతులు ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, ఒక సర్వరు ఆమెకి చెప్పిన మాట అది.

* * *

ఈ గాథ నాకు చెప్పింది ఆమె. ఆయన మధ్యమధ్యలో తేదీలు సరిచేశాడు. పేర్లు రాయొద్దని ఇద్దరూ అడిగారు. హోటలు పేరు కూడా వద్దన్నారు. అందుకే ఆయన, ఆమె అనే రాస్తున్నాను.

ఇద్దరిదీ కల్వకుర్తి దగ్గర పల్లె. మేనరికం. 2001లో పెళ్ళయింది. ఆమెకి అత్తగారంటే మేనత్తే. అయినా ఆ ఇంటి పద్ధతి ఆ ఇంటిదే. ముందు మగవాళ్ళు తినాలి. వాళ్ళు లేచాక, భర్త తిన్న తలెలోనే భార్య అన్నం పెట్టుకోవాలి. మన ఊళ్ళల్లో తెలియనిదేం కాదిది. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ చూశాను. ఎంగిలాకు అని దానికి పేరుండేది, దానికో పుణ్యం కూడా అంటగట్టేవారు. అంటే పెళ్ళయిన పదేళ్ళూ వాళ్ళిద్దరూ ఒకే తలెలో తిన్నారు. కాకపోతే ఒకరి తర్వాత ఒకరు. కూర ఆయనకి వేడివేడిగా, ఆమెకి చల్లారాక. ముక్కలు ఆయనకి, పులుసు ఆమెకి. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ ఏడవలేదు. అలా జరిగిపోయింది.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. శ్రీశైలం రోడ్డు మీది పల్లెల కుర్రాళ్ళు చాలామందికి అదొక బతుకుతెరువు. ఆయన కూడా అప్పు చేసి కారు కొని, విమానాశ్రయానికి కిరాయిలు కొట్టడం మొదలుపెట్టాడు. అద్దె తక్కువని జల్‌పల్లి వైపు ఇల్లు తీసుకున్నారు. ఒక పక్క పహాడీ షరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా, ఇంకో పక్క బాలాపూర్, పైకి పోతే బార్కస్, చాంద్రాయణగుట్ట. పాతబస్తీ తన దక్షిణపు అంచున ఊళ్ళల్లో కలిసిపోయే చోటు అది. మైకులో అజాను వినపడే గల్లీలోనే తెల్లవారి ఇడ్లీ బండివాడు పల్లీల చట్నీ రుబ్బుతుంటాడు.

ఆమె మొదట ఇష్టపడింది ఆ ఇడ్లీ బండినే. "ఊరు వదిలినంక ఒకరు వండిపెడితే నేను తిన్నది అదే మొదలు" అంది. ఆయన ఇష్టం చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఇరానీ చాయ్. అక్కడ లోపల ఆడవాళ్ళు కూర్చోవడం కనపడదు కాబట్టి, ఆమెతో పోయినప్పుడు వన్ బై టూ చెప్పి, రెండు కప్పులూ కారు దగ్గరికే తెచ్చేవాడు. కారు బానెట్ మీద కప్పులు, పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు. ఒక చాయ్ ఇద్దరు పంచుకోవడం అక్కడ మొదలైంది. చాయ్ దగ్గర లేని పట్టింపు అన్నం దగ్గర ఎందుకుందో ఇద్దరికీ తోచలేదు.

* * *

2011 డిసెంబరులో ఒక రాత్రి. దమ్మామ్ నుంచి దిగిన బార్కస్ పెద్దాయన ఒకరు ఆయన కారెక్కాడు. ఇంటికి పోకముందే ఎర్రకుంట దగ్గర మందీ హోటల్ ముందు ఆపించాడు. "ఆవ్ బేటా, ఖాలేంగే" అని చెయ్యిపట్టి లోపలికి తీసుకుపోయాడు. కొడుకులు, కోడళ్ళు, మనవలు అప్పటికే అక్కడ ఎదురుచూస్తున్నారు. తెర వేసిన చిన్న గది, కింద పరుపులు, మధ్యలో ఒక్క తలె. డెబ్భై దాటిన ఆ పెద్దాయన, పెద్దావిడ, ఐదేళ్ళ మనవడు, కిరాయి డ్రైవరు, అందరూ ఆ ఒక్క తలెలోనే చెయ్యి పెట్టారు. పెద్దావిడ తన ముందున్న మెత్తని మాంసం తుంచి డ్రైవరు వైపు జరిపింది.

ఆయన ఆ రాత్రి ఇంటికొచ్చి భార్యని నిద్రలేపి చెప్పాడట. వచ్చే ఆదివారం నిన్ను తీసుకపోతనని.

"ఏం తిండి అది?" అని ఆమె అడిగింది.

"మందీ."

"మందికి పెట్టేదా?"

"అవునే. మందికి పెట్టేదే."

నిజానికి ఆ పేరుకి మన 'మంది'తో చుట్టరికం లేదు. అరబ్బీలో మంచు తడిని చెప్పే మాట నుంచి పుట్టిన పేరు. అన్నం, మాంసం తడి ఆరకుండా ఉడకాలి కదా, అందుకు. మన బోర్డుల మీద 'మండి' అని రాస్తారు గాని బార్కస్‌లో పలికేది మందీ అనే. అయినా ఆమె చెప్పుకున్న అర్థం నాకు అసలు అర్థంకంటే బాగా నచ్చింది.

ఆదివారం వచ్చింది. పెళ్ళికి కట్టినట్టు పట్టుచీర కట్టింది. తెర తీసుకుని లోపల కూర్చున్నారు. సర్వరు ముందు సూపు, టమాటా చట్నీ, తెల్లటి మయోనైజ్ పెట్టి, తర్వాత ఆ తలె దించాడు. పొడుగాటి బాస్మతి మెతుకులు, పైన పొట్టేలు మాంసం, వేయించిన కిస్‌మిస్, జీడిపప్పు. పొగలో కట్టెల వాసన.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు కానియ్యి బావా. నేను తర్వాత తింట."

"గీడ తర్వాత ఎట్లనే? చల్లారితది."

"ఇంకో తలె తెమ్మను మరి."

ఆయన పిలిచి అడిగాడు. సర్వరుకి తెలుగు వచ్చు. నవ్వకుండా, చిన్న పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, మందీకి తలె ఒక్కటే. ఎందరు కూసున్నా ఒక్కటే."

తెర పడింది. ఆయన తలె మధ్యలో వేలితో ఒక గీత గీశాడు. "గిటు నీది, గటు నాది. సరేనా?" ఆమె తలూపింది. కానీ చెయ్యి కదలలేదు. "భయమేసింది సార్" అంది నాతో. "ఎవరో చూస్తరని కాదు. తెర ఉన్నది కద. పదేండ్లు పాటించింది ఒక్క బుక్కతోని పోతదేమోనని." ఆయన కూడా తినకుండా కూర్చున్నాడు. బయట ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఎవరో బిల్లు అడుగుతున్నారు. ఆయన చివరికి, "నువ్వు పెట్టకుంటె నేనూ పెట్టను. ఇద్దరం ఉపాసమే పోదాం" అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టింది. తనవైపే, అంచున, నాలుగు మెతుకులు. తింటూ తింటూ ఉంటే గీత ఎప్పుడు చెరిగిపోయిందో ఇద్దరికీ తెలియదు. ఆమెకి ఒక్కటే గుర్తు. మాంసం ముక్క నోట్లో పెట్టుకుంటే కాలింది. అంత వేడి ముక్క ఆమె ఎన్నడూ తినలేదు.

* * *

ఆ తలె అంత తేలిగ్గా ఎర్రకుంటకి రాలేదు. దాని దారి కూడా చెప్పాలి.

బార్కస్ అనే పేరు 'బ్యారక్స్' నుంచి వచ్చింది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల నివాసాలు అక్కడ ఉండేవి. ఆ సిపాయిలు వచ్చింది ఎక్కువగా యెమెన్‌లోని హద్రమౌత్ సీమ నుంచి. ఎండిన లోయలు, మట్టి మేడలు ఉండే నేల అది. అక్కడి ముకల్లాని 1967 దాకా ఏలిన ఖుఐతీ వంశానికి పునాది వేసినవాడు కూడా హైదరాబాద్ ఫౌజులో జమాదారే. ఇక్కడ సంపాదించిన సొమ్ముతో అక్కడ రాజ్యం కట్టాడు. ఆ వంశంవాడైన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ ఏడో నిజాం కాలంలో తన విందుల్లో హలీమ్ పెట్టించి ఊరికి రుచి మప్పాడని చెబుతారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌కి తల్లి వంటకం హరీస్. బార్కస్ ఇళ్ళల్లో, హోటళ్ళల్లో హరీస్ ఇప్పటికీ పొద్దుటి పూట తిండి. తీపిది ఒకటి, ఉప్పుది ఒకటి.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద భారత సైన్యం పోలీసు చర్య జరిపింది. దాంతో ఆ సిపాయిలకి కొలువు పోయింది, జీతం పోయింది. పరాయి దేశస్థులని ఎందరినో నిర్బంధించారు, ఎందరినో ఓడలెక్కించి పంపేశారు. ఇక్కడే పుట్టినవాళ్ళు, ఇక్కడి ఆడపిల్లలని చేసుకున్నవాళ్ళు ఉండిపోయారు. చేతిలో కత్తి పోయాక ఏం చెయ్యాలో తెలియని కుటుంబాలు జామతోటలు వేసుకున్నాయి. బార్కస్ జామకాయ నగరమంతా ఎరిగిన రుచి అయింది. 1970ల తర్వాత గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగినప్పుడు, వాళ్ళ కొడుకులు తాతల దేశం వైపే కూలికి పోయారు. వాళ్ళు తిరిగి వస్తూ తెచ్చుకున్న వాటిలో మందీ ఒకటి. అంటే తాతల ఊరి వంట మనవళ్ళకి గల్ఫ్ హోటళ్ళ మీదుగా చేరింది. మతామ్ అంటే అరబ్బీలో హోటలు. 'మతామ్ అల్ అరబీ' లాంటి బోర్డులు బార్కస్ దారిలో వెలిశాయి. పక్కనే విమానాశ్రయపు రోడ్డు పడేసరికి, రాత్రి విమానం దిగినవాళ్ళకి, ఎక్కేవాళ్ళని సాగనంపే చుట్టాలకి అది భోజనాల వీధి అయింది.

ఆయన ఒకసారి అడిగి మరీ వంటగది చూసొచ్చాడు. నేలలో బావిలా తవ్విన పొయ్యి. అడుగున నిప్పులు. దాని మీద మసాలా నీళ్ళలో బియ్యం. ఆ పైన మాంసం. మూతపెట్టి గాలి పోకుండా బిగిస్తారు. "మన బిర్యానీల మాంసం అడుగున, అన్నం పైన. గీడ ఉల్టా" అని ఆమెకి చెప్పాడు. మాంసం ఉడికి కొవ్వు, రసం చుక్కచుక్కగా కింద అన్నంలోకి దిగుతాయి. కారం తక్కువ, మసాలా తక్కువ. నాకైతే అందులో రుచి అంతా ఓపికదే అనిపిస్తుంది.

* * *

ఆ తర్వాత వాళ్ళకి నెలకొక ఆదివారం రివాజు ఏర్పడింది. పొద్దున బార్కస్‌లో హరీస్. ఆమె తీపిది, ఆయన ఉప్పుది. సగం తిన్నాక గిన్నెలు మార్చుకుంటారు. సాయంత్రం చాంద్రాయణగుట్ట చాయ్. రాత్రి మందీ. ఇంట్లో కూడా పద్ధతి మెల్లగా మారింది. ఒకనాడు ఆమె అన్నం వడ్డించి పక్కన నిలబడకుండా తన తలె కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఆయన ఏమీ అనలేదు, గిన్నె ఆమెకి అందేలా జరిపాడు.

2014 వేసవిలో అత్తగారు కంటి ఆపరేషనుకి ఊరి నుంచి వచ్చింది. ముసలామెని హోటలుకి తీసుకుపోవాలా వద్దా అని భార్యాభర్తలు వారం తర్జనభర్జన పడ్డారు. చివరికి తీసుకుపోయారు. ముసలామె తెర, పరుపులు, దిండ్లు అన్నీ తడిమి చూసి కూర్చుంది. తలె వచ్చింది. కొడుకు ఒక పక్క, కోడలు ఇంకో పక్క. ముగ్గురూ ఒక్క క్షణం కదల్లేదు. కోడలి చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి పోయింది.

ముసలామె తలెని చాలాసేపు చూసింది. తర్వాత అన్న మాటలు ఆమె నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"మీ మామ పొయ్యేదాంక ఆయన తిన్న తలెలనే తిన్న. కలిసి ఒక్కనాడు తినలే. ఆయనకు గూడ గిట్ల కూసొని తినాలని ఉండెనో ఏమో. నేనడగలే, ఆయన చెప్పలే."

అని, ముక్క ఒకటి తుంచి ముందు కోడలి వైపు పెట్టింది. ఆ తర్వాతే కొడుకు వైపు.

ఇది చెబుతున్నప్పుడు ఆయన లేచి బయటికి పోయాడు. తేదీ సరిచెయ్యడానికి కూడా ఆగలేదు.

* * *

2020 మార్చి 25న విమానాలు ఆగిపోయాయి. కిరాయి లేదు, హోటళ్ళు లేవు. మే నెలాఖరుకి దేశంలోపలి విమానాలు మొదలైనా గిరాకీ కోలుకోలేదు. ఆమె మాస్కులు కుట్టి ఇల్లు నడిపింది. అంతలో అక్టోబరు వాన. 13న బేగంపేటలో ఒక్క రోజులోనే 19 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రి పల్లెచెరువు పొంగింది. 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మీద పడింది. ఉస్మాన్‌నగర్‌ని ముంచింది బుర్హాన్‌ఖాన్ చెరువు. మిగతా చోట్ల నీళ్ళు దిగిపోయాయి గాని ఇక్కడ కదల్లేదు. నెలల తరబడి ఇళ్ళు నీళ్ళలోనే నిలబడ్డాయి. చెరువుల దారులన్నీ ఇళ్ళయ్యాక, వచ్చిన నీళ్ళు పోయే దారి లేక అక్కడే కాపురం పెట్టాయి. బతుకంతా కూడబెట్టి అరవై గజాలు కొనుక్కున్నవాళ్ళని చెరువులో ఎందుకు కొన్నారని అడగడం తేలిక. వాళ్ళకి అమ్మినవాళ్ళని ఎవరూ అడగరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మేడ మీద 15వ తేదీ రాత్రి, ఆమె మాట విన్నాక మొదట కూర్చున్నది పక్కవాటా ముసలమ్మ. బిస్మిల్లా అని చెయ్యి పెట్టింది. తర్వాత అందరూ. పది చేతులు. చంటిపిల్లకి ఆమే నలిపి తినిపించింది. కరోనా అందరికీ గుర్తుంది. ఆకలి ఇంకా బాగా గుర్తుంది.

నాలుగో నాడు ఇద్దరూ ఆ మేడ దిగి జల్‌పల్లి ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకున్నారు. వెంట వచ్చింది బట్టల సంచి, హోటల్ వాళ్ళ తలె. కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉన్న పళ్ళెం అదొక్కటే. ఎవరో ఇచ్చిన గిన్నెలో వండుకుని, ఆ తలెలోకే వంచుకుని, ఇద్దరూ ఒకేసారి తిన్నారు. నవంబరులో కారు దొరికింది, ఇంజనులో బురదతో. దాన్ని తుక్కు కింద అమ్మేసి, ఆయన వేరేవాళ్ళ బండికి డ్రైవరుగా కుదిరాడు.

2021 సంక్రాంతి వచ్చింది. తలె తిరిగి ఇవ్వాలి. ఆమె నెలన్నరగా వాయిదా వేస్తూ వచ్చింది. ఒకరింటి గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదు కదా. నింపడానికి చేతిలో డబ్బు ఉండాలి. పండక్కి కొత్త బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి, తెల్లటి గుడ్డ మీద చుట్లు చుట్లుగా సకినాలు చుట్టి, కాల్చింది. ఒక్కటీ విరక్కుండా ఆ తలె నిండా పేర్చి, పైన కొత్త తువ్వాలు కప్పింది. ఇద్దరూ ఆటోలో ఎర్రకుంట పోయారు. దారి పొడుగునా తలె ఆమె ఒళ్ళోనే.

కౌంటర్ దగ్గర పెద్దాయన తువ్వాలు తీసి చూశాడు. ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి తీశాడు. వంటగదిలోంచి, ట్యూబు నెట్టుకొచ్చిన కుర్రాణ్ణి పిలిచి వాడికో నాలుగు పెట్టాడు. తర్వాత సకినాలన్నీ జాగ్రత్తగా ఒక పేపరు మీదికి ఒంపి, తలెని లోపలికి పంపాడు. "బైఠో అమ్మా" అని తెర ఉన్న గది చూపించాడు.

పది నిమిషాలకి తెర తొలగింది. అదే తలె, కడిగి తుడిచి, పొగలు కక్కుతూ వచ్చింది. అంచున వాననాటి సొట్ట అలాగే ఉంది. సర్వరు దించి వెళ్ళిపోయాడు.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. తిరిగి వచ్చేసరికి ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉంది.